పండగ కాదు, పీరియడ్ కావాలి
ఒక రిటైర్డ్ బడిపంతులు అనుభవ పాఠాలు

మెగా డీఎస్సీలో ఉద్యోగాలొచ్చి మా చుట్టుపక్కల మండలాల్లో చేరిన పిల్లలు ఆదివారాలు ఇంటికొస్తుంటారు. పిల్లలంటే టీచర్లే. నా వయసుకు వాళ్లు పిల్లలే. యాప్‌ల గోడు, హాజరు ఫొటోల గోడు అయిపోయాక ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, బడిలో పాటా బొమ్మా నాటకం పెట్టాలంటే గవర్నమెంటు నుంచి ఏమన్నా వస్తుందా?" వస్తుంది. ఎట్లా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో, ఆగినచోట మనం చేయగలిగిందేమిటో అనంతపురం మెట్టపల్లెల్లో బడులు నడిపినవాడిగా రాసి పెట్టాను. నంబర్లు గుర్తుకోసం వేసినవే. మొదటిది గొప్పదనీ చివరిది చిన్నదనీ కాదు.

1. ముందు చట్టం తీసి చదవండి. అంతా అక్కర్లేదు, చివరనున్న షెడ్యూలు చాలు. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటిన బడికి కళావిద్యకొకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకొకరు, పనివిద్యకొకరు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని అందులో ఉంది. దయతో ఇచ్చేది కాదు, చట్టం రాసిపెట్టింది.

కానీ ఆ వంద దగ్గరే మా సీమకు చిక్కు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే చోటు ఇది. ఆ సగటైనా వేరుశనగ ఊడ దిగే వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. అదను తప్పిన ఏడు, ఆగస్టు దాటకముందే ఇళ్లకు తాళాలు పడతాయి. బెంగళూరులో బిల్డింగు పనికి పోయే అమ్మానాన్నల వెంట పిల్లలూ పోతారు. నూటపది ఉన్న బడి తొంభైకి వస్తుంది. కాలువ కింద పెద్ద ఊళ్లకు వంద ఒక లెక్క కాదు. ఎండిన పల్లెకే అది గడప అవుతుంది. కరువొస్తే పంటతోపాటు డ్రాయింగ్ సారు కూడా పోతాడన్నమాట. ఈ నిబంధన రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని నేననను. వలస ఊరు వాళ్ల కళ్లముందు లేదు, అంతే.

దీనికి దారి 2020 జాతీయ విద్యావిధానంలోనే ఉంది. స్కూల్ కాంప్లెక్సు పరిధిలోని బడులన్నీ సంగీతం, కళల టీచర్లను పంచుకోవచ్చునని చెప్పింది. ఒక్కో బడికి వంద మంది లేకపోవచ్చు, కాంప్లెక్సుకు ఉంటారు. కాంప్లెక్సు సమావేశాల్లో తీర్మానం రాయించండి. మాటతో వదిలేస్తే మినిట్సులోకి ఎక్కదు.

2. పోస్టు లేని చోట ప్రేమ ఎన్నాళ్లుంటుంది? మిమ్మల్ని తీసుకున్న డీఎస్సీనే చూడండి. మొదట ప్రకటించిన లెక్కలో మొత్తం 16,347 పోస్టులు. ఎస్‌జీటీలు 6,371, స్కూల్ అసిస్టెంట్లు 7,725, టీజీటీలు 1,781, పీజీటీలు 286, ప్రిన్సిపాళ్లు 52, పీఈటీలు 132. కూడి చూసుకోండి, లెక్క సరిపోతుంది. డ్రాయింగుకో సంగీతానికో ఆ పట్టికలో వరుసే లేదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పాసై, వేసవిలో టీటీసీ ట్రైనింగు చేసి సర్టిఫికెట్లు లామినేషన్ చేయించుకుని కూర్చున్న కుర్రవాళ్లు మా జిల్లాలో ఎందరో. బ్యానర్లు రాస్తూ, పెళ్లి స్టేజీలకు రంగులేస్తూ బతుకుతున్నారు. పరీక్ష పెట్టేదీ ప్రభుత్వమే, సర్టిఫికెట్ ఇచ్చేదీ ప్రభుత్వమే.

3. పథకం ఉన్నన్నాళ్లే చెయ్యి తిప్పుకోండి. పాత పంతుళ్లెవరినైనా ఏపీపీఈపీ గురించి అడగండి, ముఖం వెలుగుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అని దాని అసలు పేరు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980ల్లో మొదలై, 1990ల మధ్యదాకా నడిచింది. ఆరు బోధనా సూత్రాలుండేవి. చేస్తూ నేర్చుకోవడం ఒకటి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం ఒకటి, పిల్లల పనిని గదిలో ప్రదర్శించి గదిని చూడముచ్చటగా చేయడం ఒకటి. టీచర్ల సెంటర్లో కూర్చుని సారెవరైనా సరే కత్తెర పట్టాల్సిందే, గమ్ పూయాల్సిందే. పదవీ విరమణకు దగ్గరపడ్డ పెద్దాయన కాగితపు పిట్టను చేసి, అది ఎగురుతుందేమోనని గాల్లోకి వేసి చూసుకోవడం నా కళ్లారా చూశాను.

ఒంటి పంతులు బడిలో గోడ నుంచి గోడకు పురికొస కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసేవాళ్లం. ఆ తాడు మీద తమ కాగితం ఉందని చూపించడానికి అమ్మలను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాళ్లు పిల్లలు. కూలికి పోయే తల్లి బడి లోపలికి రావడం అదే మొదలు. హాజరు పెంచడానికి తర్వాత ఎన్ని ర్యాలీలు చేశామో గానీ, ఆ తాడు చేసిన పని అవేవీ చేయలేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. తనిఖీకి వచ్చేవాళ్లు ముందు గోడలు చూస్తారని తెలిశాక, కొన్ని బడుల్లో అచ్చేసిన చార్టులు కొని తగిలించడం మొదలైంది. డబ్బులు ఆగిపోయాక అవీ రాలేదు. ఇంగ్లండులోనూ ఇదే కథ: 2002లో కళాకారులను బడుల్లోకి పంపే క్రియేటివ్ పార్ట్‌నర్‌షిప్స్ పథకం పెట్టారు, 2011లో సర్కారు నిధులు ఆపేసింది. ధనిక దేశంలోనే ఆ గతి. తర్వాత మనకు సర్వశిక్షా అభియాన్‌లో టీచరుకు ఏడాదికి రూ. 500 గ్రాంటు వచ్చింది. చిన్న మొత్తమే, కానీ ఏం కొనాలో టీచరే తేల్చుకునేవాడు. పెద్ద పథకాల్లో పెద్ద సొమ్ముంటుంది గానీ ఈ స్వేచ్ఛ ఉండదు. నన్నడిగితే ఆ అయిదువందలకే ఓటేస్తాను.

4. చెక్కభజనకు ఒంటరి పోటీ ఉండదు. కేంద్రం 2015లో కళా ఉత్సవ్ మొదలుపెట్టింది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు. మొదట్లో జట్టుగా పాల్గొనే పద్ధతి ఉండేది. కొన్నేళ్లకు ఒక్కొక్కరే పాడాలి, ఒక్కొక్కరే ఆడాలి అన్నారు. నిర్వహణ సులువు, ప్రయాణ ఖర్చు తక్కువ, ఆ కష్టం నాకూ తెలుసు. అయితే మా పల్లెల కళ ఏదీ ఒంటరిది కాదే! చెక్కభజనలో పదిహేను మంది అడుగు కలవాలి. కోలాటంలో నా కోల తగలడానికి అవతల ఇంకో కోల కావాలి. ఉరుములు వాయించేవాళ్లు వరసకట్టి అడుగేస్తేనే అది ఉరుములాట. ఒంటరి పోటీ అనేసరికి పట్నంలో ఫీజు కట్టి భరతనాట్యం నేర్చుకున్న అమ్మాయికి వేదిక దొరికింది. ఆమెను తప్పుపట్టను, కష్టపడి నేర్చుకుంది. కానీ ఊరి భజనగుడిలో తాతల నుంచి అడుగు నేర్చిన పిల్లలకు ఫారంలో గడి లేకపోయింది. ఇప్పుడు మళ్లీ జట్టు విభాగాలు చేరాయి. సర్క్యులర్ రాగానే ఆ భాగం వెతికి చదవండి. గడువు దగ్గరపడ్డాక పిలిస్తే భజన గురువు రాడు, ఆయనకూ కళ్లం పనులుంటాయి.

పోటీకే ఏడాదంతా తయారుచేయకండి, ఇంకో మాట. జిల్లాకు వెళ్లేది ఒక జట్టు. మిగతా బడి మొత్తం కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. తాడిపత్రిలో 1880లో పుట్టిన నాటక నటుడు బళ్లారి రాఘవ మావాడని సభల్లో చెప్పుకుంటాం. అదే తాలూకాలో ఎన్ని బడుల్లో ఏడాదికొక నాటకమైనా పడుతోందో ఎవరూ అడగరు.

5. కళావిద్యకు గ్రేడు వేసే గడి ప్రోగ్రెస్ కార్డులో ఉంది. పాట పాడించకుండానే ఆ గడి నిండుతుందని నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇంతకంటే రాయను.

6. కళాకారుడికి కుర్చీ వేయండి. ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. 2022లో జిల్లా విడిపోయాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మాకు అనంతపురమే. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఇంత పేరున్న కళ పక్కనే ఉండగా చాలా బడుల పిల్లలు దాన్ని టీవీలో చూశారు, లేదంటే హోటలు లాంజిలో దీపం గొడుగుగా చూశారు.

ఒకసారి అక్కడి నుంచి ఒక పెద్దాయనను మా బడికి పిలిచాను. ఆట ఆడించమని పిలవలేదు, పని చూపించమని అడిగాను. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఆరబెడితే అది ఎట్లా పలచబడి వెలుతురును లోపలికి రానిస్తుందో చూపించాడు. బొమ్మ గీసి, చిన్న ఉలితో నగలున్న చోటల్లా చిల్లులు కొట్టాడు. ఆ చిల్లుల్లోంచి దీపం వెలుగు వస్తే తెరమీద అవే రవ్వలు. మోకాలి దగ్గర, మోచేతి దగ్గర దారంతో ముడివేస్తే ఎముకల కీలు ఎట్లా తిరుగుతుందో అట్లా తిరుగుతుంది. సైన్సులో నీడల పాఠం ఉందిగా! తెర దగ్గరికి బొమ్మ వస్తే నీడ చిన్నదై స్పష్టమవుతుంది, దీపం వైపు పోతే పెద్దదై మసకబారుతుంది. నేను నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పినదాన్ని ఆయన బొమ్మలాటలో నవ్వించే కేతిగాడి ముక్కుతో చెప్పేశాడు. నవ్వి నవ్వి పిల్లలు పాఠం మరిచిపోలేదు.

ఆరోజు స్టాఫ్‌రూములో ఆయనకు కుర్చీ వేసి, మాతోబాటు టీ ఇచ్చి, పిల్లలచేత "సార్" అని పిలిపించాం. మర్యాదే అది, ఇంకా కొంచెం ఎక్కువ. ఉరుములు వాయించేవాళ్లు ఎక్కువగా దళిత కుటుంబాలవాళ్లు. తప్పెట ముట్టుకుంటే పిల్లవాడికి ఏమో అవుతుందన్నట్టు మాట్లాడిన తల్లిదండ్రులను నేను చూశాను. హెడ్‌మాస్టరు కుర్చీ పక్కన వాయిద్యకారుడు కూర్చున్నాడని ఊరు చూడాలి. ఆ పని ఏ జీవో చేయలేదు.

ఇక డబ్బు. పిలిచిన కళాకారుడికి శాలువా కప్పి, ఫొటో తీసి పంపించే అలవాటు మనకుంది. శాలువాతో బస్సు టికెట్టు రాదు. ఆయన ఆరోజు పని మానుకుని వచ్చాడు. కనీసం ఆ కూలీ, ప్రయాణం ఖర్చు చేతిలో పెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, కళాకారుల దగ్గర నేర్చుకోవాలని జాతీయ విద్యావిధానం చెప్పింది. మన రాష్ట్రంలో 2025 నుంచి శనివారాలు నో బ్యాగ్ డే అన్నారు. రోజు ఇచ్చారు, బాగుంది. ఆ రోజుకు వచ్చే మనిషికి గౌరవవేతనం పద్దు కూడా ఇస్తే కథ వేరేగా ఉండేది. అది లేనిచోట సంచి లేని శనివారం చాలాసార్లు పాఠం లేని శనివారంగా ముగుస్తోంది. ప్రభుత్వం నుంచి నేనడిగేది ఒక్కటే: ఏడాదికోసారి వేదికకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, వారానికొక గంట వచ్చే మనిషికి నెలనెలా ఇవ్వమని. ఊళ్లో ఉన్న కళాకారుడికే ఇస్తే వలస కూడా కాస్త ఆగుతుంది.

7. రంగులు లేవని ఆగకండి. జూన్‌లో బడి తెరిచిన కొన్నాళ్లకే మా పడమటి పల్లెల్లో మట్టెద్దుల అమావాస్య వస్తుంది. చెరువుమట్టి తెచ్చి ఇంటింటా ఎద్దులు చేస్తారు. అది శిల్పం క్లాసే, సిలబస్ అక్కర్లేదు. జాజు, సున్నం, బొగ్గు, పసుపు ఉంటే నాలుగు రంగులు. కాకపోతే "స్థానిక వనరులు వాడుకోండి" అన్న మాటను సర్కారు చేయి దులుపుకోవడానికి వాడినప్పుడు ఒప్పుకోకండి. పట్నం బడికి వాటర్ కలర్లు, పల్లె బడికి బొగ్గుముక్కా? రెండూ రెండు చోట్లా ఉండాలి.

8. గోడలు. నాడు-నేడులో బడులకు రంగులు వేశారు, గోడల మీద బొమ్మలొచ్చాయి, చూడ్డానికి కళగా ఉన్నాయి. అవి పెద్దవాళ్లు వేసిన బొమ్మలు. వాటిమీద చెయ్యి పెడితే పిల్లవాడికి తిట్లు. మళ్లీ రంగులు వేసే మాట వచ్చినప్పుడు కింది మూడడుగులు నలుపు వేయించి వదిలేయమని కమిటీలో చెప్పండి. సుద్దముక్క ఖర్చు తప్ప ఇంకేం లేదు.

9. ఉపకార వేతనం సంగతి చాలామంది టీచర్లకే తెలియదు. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్‌టీ అని 1979లో పెట్టిన సంస్థ ఉంది, హైదరాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఏటా సాంస్కృతిక ప్రతిభా ఉపకార వేతనాలు ఇస్తుంది. సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు అందులో విడిగా వాటా కూడా ఉంది. ఎంపికైతే రెన్యువల్ చేసుకుంటూ డిగ్రీ దాకానో 20 ఏళ్లు వచ్చేదాకానో సాగుతుంది. బొమ్మలాట కుటుంబంలోని పిల్లవాడి పేరు మన రిజిస్టరులో "తండ్రి వృత్తి: కూలీ" అని ఉంటుంది, ఎందుకంటే చేర్పించేటప్పుడు మనం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఈసారి చేర్పించేటప్పుడే అడిగి రాయండి. అదే సంస్థ టీచర్లకు బొమ్మలాటతో పాఠం చెప్పే శిక్షణ కూడా ఇస్తుంది, దానికి డిప్యుటేషన్ కావాలి. వేసవికి ముందే ఎంఈఓ ఆఫీసులో అర్జీ పెట్టి, నకలు మీద స్టాంపు వేయించుకుని దాచుకోండి.