పెట్టే చెయ్యి తెలుసుకోవలసిన జబ్బు – సీలియాక్



మన వార్షిక సంచికలో ఒక ఆరోగ్య వ్యాసం ఉండటం ఆనవాయితీ. ఈసారి విషయాన్ని మేము వెతుక్కోలేదు. మా పొరపాటే దాన్ని మా ముందుకు తెచ్చింది. ఆ సంగతి దాచకుండా మీతో చెప్పుకోవడం ధర్మమనిపించింది, ఎందుకంటే ఆ పొరపాటు మీ సొమ్ముతోనే జరిగింది.

మా చేతి సంచి తిరిగి వచ్చిన రోజు

రంజాన్ నెలలో పంచే సంచిలో ఏముంటాయో మీకు తెలుసు. బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, ఖర్జూరాలతో పాటు గోధుమపిండి, బొంబాయి రవ్వ, సేమియా కూడా పెడతాం. రాజమండ్రిలో ఒక ఇంటికి అలాంటి సంచి మూడేళ్ళుగా ఇస్తున్నాం. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ పాప ఉంది. చూస్తే ఆరేళ్ళ పిల్లలా ఉండేది. పొట్ట ముందుకు, చేతులు పుల్లల్లా. రక్తం తక్కువని రెండేళ్ళుగా టానిక్కు తాగుతోంది. నులిపురుగుల మందు వేశారు. నెలకు రెండుమూడుసార్లు విరేచనాలు. అలా అయినప్పుడల్లా తేలిగ్గా అరుగుతుందని నానీ బ్రెడ్డు పెట్టేది, చలవ చేస్తుందని బార్లీ నీళ్ళు పట్టేది.

నాలుగో ఏడు సంచి అందుకుని ఆ తల్లి గడప దగ్గరే విప్పింది. బియ్యం, పప్పు, నూనె తీసుకుని మిగతావి మా చేతిలో పెట్టింది. "భాయ్ సాబ్, ఏమీ అనుకోకండి. పిండి, రవ్వ, సేమియా వేరే ఇంటికి ఇవ్వండి. మా పాపకు గోధుమే పడదని పెద్దాసుపత్రిలో తేల్చారు. ఇన్నాళ్ళూ మేమే తినిపించాం" అంది. ఆమె మమ్మల్ని తప్పు పట్టలేదు. కానీ ఆ పొట్లాలు పట్టుకుని మెట్లు దిగుతుంటే, తినిపించినవాళ్ళలో మేమూ ఉన్నామని మాకు అర్థమైంది.

పాపకు వచ్చిన జబ్బు పేరు సీలియాక్.

జబ్బు అంటే ఏమిటి

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండిని సాగదీస్తే తెగకుండా సాగేది దానివల్లే. మనలో చాలామందికి దానితో ఏ ఇబ్బందీ లేదు. సీలియాక్ ఉన్నవారి ఒంట్లో మాత్రం గ్లూటెన్ లోపలికి వెళ్ళగానే, రోగాలతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థ తిరగబడి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ నూగులా ఆంత్రచూషకాలు ఉంటాయి. తిన్నదానిలోని సారాన్ని పీల్చి రక్తంలోకి పంపేవి అవే. దాడికి అవి అరిగి చదునైపోతాయి. అప్పుడు ఎంత మంచి తిండి పెట్టినా, ఎంత టానిక్కు తాగించినా ఒంటికి పట్టదు.

ఇది అంటువ్యాధి కాదు. దిష్టి కాదు, తల్లి పాల దోషమూ కాదు. కొందరికి పుట్టుకతో వచ్చే జన్యు లక్షణం మీద గోధుమ తిండి తోడైనప్పుడు వస్తుంది. చిన్నతనంలో రావచ్చు, నలభై యాభై ఏళ్ళకూ బయటపడవచ్చు. దీన్ని పూర్తిగా మాన్పే మందు ఇంతవరకు లేదు. ఆ మూడు ధాన్యాలను జీవితాంతం మానెయ్యడమే వైద్యం. మానేస్తే పేగు తిరిగి కోలుకుంటుంది. పిల్లల్లో త్వరగా, పెద్దల్లో కాస్త ఆలస్యంగా.

గోధుమ మీద అనుమానం ఎలా వచ్చింది

ఈ జబ్బును డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా ఎరుగుదురు గానీ కారణం తెలిసేది కాదు. 1924లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టి చాలామంది పిల్లలను కోలుకునేలా చేశాడు. అరటిలోనే ఏదో మహత్తు ఉందని లోకం నమ్మింది. మన రావులపాలెం గెలలకు ఆ ఘనత దక్కవలసిందే గానీ, అసలు సంగతి వేరు. ఆ పథ్యంలో రొట్టె లేదు.

ఆ సంగతిని పట్టుకున్నది నెదర్లాండ్స్ వైద్యుడు విల్లెం డికే. రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టింది. డికేకు అంతకుముందు నుంచే గోధుమ మీద అనుమానం ఉంది. కరువు ఆ అనుమానాన్ని బలపరిచింది. 1950లో ఆయన తన సిద్ధాంత గ్రంథంలో గోధుమే కారణమని చూపించాడు.

మన వరి సీమలో ఎందుకు కనబడదు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల వెంట వరి విస్తరించింది. మన తాతలకు మూడు పూటలా అన్నం, గంజి, అట్లే. గోధుమ పండుగ నాటి వస్తువు. అందుకే ఈ జబ్బు మన దగ్గర అరుదు. ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23,000 మందికి పైగా పెద్దలను పరీక్షించిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాన వెయ్యిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి ఈ జబ్బు ఉంది. దక్షిణాన వెల్లూరు ప్రాంతంలో పదివేలమందికి ఒకరు మాత్రమే తేలారు. రోజుకు తినే గోధుమ ఉత్తరాన సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. అయితే జబ్బుకు దారితీసే జన్యు లక్షణం మాత్రం మూడు చోట్లా దాదాపు ఒకేలా, ఇంచుమించు మూడోవంతు మందిలో కనిపించింది.

ఆ లక్షణం ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. ఎక్కువమందికి రానే రాదు. కానీ విత్తనం మన దగ్గరా ఉంది, ఇన్నాళ్ళూ నీరు తగల్లేదంతే అని అనుకోవచ్చు. ఇప్పుడు నీరు తగులుతోంది. షుగర్ అనగానే రాత్రి చపాతీ. పొద్దున టీలోకి రస్కు. స్కూలు నుంచి రాగానే నూడుల్స్. సాయంత్రం పరోటా బండి. గల్ఫ్‌కు వెళ్ళిన మన ఆడపడుచులు ఏళ్ళ తరబడి మూడు పూటలా రొట్టె తిని వస్తున్నారు. అరుదైన జబ్బే అయినా, ఆ కొద్దిమందినీ మనం గుర్తుపట్టలేకపోతున్నాం. "ఇది మన వైపు రాదు" అన్న మాటే వాళ్ళకు పెద్ద అడ్డంకి.

ఎప్పుడు అనుమానించాలి

నెలల తరబడి విడవని విరేచనాలు, పొట్ట ఉబ్బరం, పిల్లలు ఎత్తూ బరువూ పెరగకపోవడం, ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత, మాటిమాటికీ నోటిపూత, ఎముకల బలహీనత, ఈడు ఆలస్యంగా రావడం, కారణం తెలియని గర్భస్రావాలు. వీటిలో ఏది ఉన్నా సీలియాక్ అనే అనుకోనక్కరలేదు. మన ప్రాంతంలో వీటికి వేరే కారణాలే ఎక్కువ. కానీ మందులు వాడినా తగ్గనప్పుడు "సీలియాక్ పరీక్ష చేయించమంటారా?" అని డాక్టరుగారిని అడగాలి. విరేచనాలు లేకుండా రక్తహీనత ఒక్కటే ఉన్నవారూ ఉంటారు. చిన్న వయసులో ఇన్సులిన్ మీద ఉన్నవారికి, రోగి తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఒకరికి తేలితే ఇంట్లో మిగతావాళ్ళూ పరీక్ష చేయించుకోవాలి.

ముందు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు. అందులో తేడా కనిపిస్తే ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి చిటికెడు ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. పరీక్షలు పూర్తయ్యేవరకు గోధుమ మానకూడదు. ఎవరో చెప్పారని ముందే మానేస్తే పేగు కోలుకుని, జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. అలాగే ఒళ్ళు తగ్గడానికని గోధుమ మానేసే అలవాటు వేరు, ఈ వైద్యం వేరు. జబ్బు లేనివారికి గోధుమతో పేచీ లేదు.

మన వంటింట్లోనే మందు

అదృష్టం ఏమిటంటే, ఈ జబ్బుతో బతకడానికి మన డెల్టా వంటిల్లు ఎంతో అనువైనది. పట్నాల్లో ఖరీదైన గ్లూటెన్ లేని రొట్టెల కోసం వెతుక్కుంటారు. మనకు అన్నం, ఇడ్లీ, దిబ్బరొట్టె, పెసరట్టు, అటుకులు, చోడి అంబలి, జొన్నరొట్టె ఉన్నాయి. పప్పులు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, పండ్లు అన్నీ తినవచ్చు. మిఠాయిల్లో ఆత్రేయపురం పూతరేకులు బియ్యపు పిండితో చేసేవే. సున్నుండలు, అరిసెలు కూడా గోధుమ తగలకుండా చేస్తే నిశ్చింత. తాపేశ్వరం కాజా మాత్రం మైదా. పొరుగువారు ప్రేమతో తెచ్చే అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. కళ్ళకద్దుకుని పక్కన పెట్టవలసిందే.

చిక్కంతా దాగి ఉన్న గోధుమతో. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. పెసరట్టు మంచిదే, దానిలోని ఉప్మా కాదు. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. మాల్టు పొడుల్లో బార్లీ, గోధుమ ఉంటాయి. బండి మీది పునుగుల్లో మైదా కలిపి ఉండవచ్చు. అంగన్వాడీ బాలామృతంలోనూ గోధుమ ఉంది. పిండిమరలో ముందు గోధుమ పట్టి తర్వాత మన బియ్యం పట్టినా అది అంటుకుంటుంది. బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకోవడం మేలు. పూరీలు వేయించిన నూనె, చపాతీ పెనం కూడా పాపకు పనికిరావు.

ఇంత చాదస్తం అవసరమా అని అడుగుతారు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ నెలల తరబడి లోపలికి వెళ్ళినా పేగు దెబ్బతింటుందని పరిశోధనలో తేలింది. అంటే బ్రెడ్డు ముక్కలో నలభయ్యో వంతు. పొట్లం కొనేటప్పుడు వెనుక చదవాలి. గోధుమ, బార్లీ ఉంటే ఆ సంగతి ముద్రించాలన్నది మన దేశ ఆహార నిబంధన. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకుండా గ్లూటెన్ ఉంటేనే "గ్లూటెన్ లేనిది" అని వేయాలి.

రంజాన్‌లో, పెళ్ళిళ్ళలో

మన తిండిలో గోధుమ ప్రేమగా పెట్టే చోటే ఉంది. హలీంలో గోధుమ, షీర్ ఖుర్మాలో సేమియా, సమోసాలో మైదా, తల్‌బీనాలో బార్లీ. ఇఫ్తార్ గంజి బియ్యం నూకలతో కాస్తే ఫరవాలేదు, రవ్వ కలిపితే కాదు. "ఒక్క చెంచా తింటే ఏమవుతుంది బేటా" అని బతిమాలే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ ఒక్క చెంచాకు పాప ఆ రాత్రి ఏడవకపోవచ్చు, పేగు మాత్రం లోపల దెబ్బతింటుంది. బియ్యపు సేమియాతో షీర్ ఖుర్మా చేసి ముందుగా పిల్లకు గిన్నెలో తీసి పెడితే పండుగ ఆమెకూ పండుగే. బిర్యానీ వడ్డించేటప్పుడు పరోటా ముట్టిన గరిటె వాడకపోతే చాలు. ఇంకా కోలుకోనివారు ఉపవాసం గురించి డాక్టరును అడిగే నిర్ణయించుకోవాలి.

మీతో మా మనవి

ఈ జబ్బుకు వైద్యం అంటే తిండే, తిండిని పంచేవాళ్ళం మనమే. కాబట్టి ఇకపై సంచి ఇచ్చేముందు "ఇంట్లో ఎవరికైనా పడనిది ఉందా?" అని అడుగుతాం. ఉన్నవారికి పిండి, రవ్వ, సేమియా బదులు అదే విలువకు బియ్యం, చోళ్ళు, అటుకులు, పెసలు, బియ్యపు సేమియా పెట్టి, గోధుమ తగలకుండా వేరుగా కట్టిస్తాం. ఫిత్రాను మన ఊళ్ళలో గోధుమ కొలతతో లెక్కకట్టి ధరగానే ఇస్తున్నాం. ఆ పద్ధతి ఇలాంటి ఇళ్ళకు మేలే.

మీరు చేయగలిగింది మరొకటి ఉంది. టానిక్కుకు లొంగని రక్తహీనతతో ఉన్న పిల్లలను చూస్తే మాకు చెప్పండి. పేద ఇంటికి అడ్డుపడేది చాలాసార్లు పరీక్ష ఖర్చు, పెద్ద ఊరికి పోయివచ్చే ఛార్జీలు, ఆ రోజు పోగొట్టుకునే కూలి. మీ సదఖా ఆ మూడింటికీ చేరితే ఒక పిల్ల ఏళ్ళ తరబడి తాగే టానిక్కు తప్పుతుంది.

ఆ పాప గోధుమ మానేసి ఇప్పటికి పద్నాలుగు నెలలు. కిందటి ఏడు కుట్టించిన పండుగ గౌను పొట్టి అయిపోయిందని వాళ్ళ అమ్మీ ఫిర్యాదు చేసింది. మేము విన్న ఫిర్యాదుల్లో ఇంత సంతోషం కలిగించింది లేదు. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, పెట్టే చేతికి తెలివినీ, తినే నోటికి ఆరోగ్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.