సరళవృక్షపు ఆత్మరక్షణ

ఆపద ఎదురైనపుడు ప్రాణికి రెండు మార్గాలున్నాయి: తప్పించుకొని పారిపోవడం, నిలిచి పోరాడడం. వృక్షానికి మొదటి మార్గం లేదు. మొలకెత్తిన చోటనే నిలిచి శత్రువును ఎదుర్కోవాలి. పైన్, స్ప్రూస్, ఫర్, దేవదారు మొదలైన వృక్షాలు శంకువులలో విత్తనాలను ధరిస్తాయి. వీటిని కోనిఫర్ వృక్షాలంటారు. వందల ఏండ్లు జీవించే ఈ తరువులు తరతరాల కీటకాల దాడులను తట్టుకొని ఎలా నిలుస్తున్నాయి?

దీనికి సమాధానం వాటి బెరడులోనే ఉన్నది. కాళిదాసు కుమారసంభవం ప్రథమ సర్గలో హిమాలయాన్ని వర్ణిస్తూ, ఏనుగులు చెక్కిళ్ల దురద తీర్చుకోవడానికి సరళవృక్షాలను రాచుకోగా స్రవించిన పాలు కొండచరియలను పరిమళభరితం చేస్తున్నాయని చెప్పాడు. సరళవృక్షమంటే పైన్ చెట్టే. ఆ పాలనే నేడు రెజిన్ అంటున్నాము. కవికి అది పరిమళం. వృక్షానికి అది ఆయుధం.

ఈ ఆయుధ రహస్యాన్ని శోధించిన వారిలో ఆచార్య యోర్గ్ బోల్మన్ ముఖ్యుడు. ఆయన పరిశోధనలకు కేంద్రం కెనడాలోని వాంకూవర్ నగరంలో ఉన్న బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం. రెజిన్‌లో టర్పీన్లనే రసాయనాలు అనేకం ఉంటాయి. పురుగు బెరడును తొలిచినపుడు, నాళాలలో ఒత్తిడితో నిండి ఉన్న రెజిన్ పైకి ఉబికి దానిని బయటికి నెట్టివేస్తుంది. లేదా జిగటలో బంధిస్తుంది. కొన్ని టర్పీన్లు పురుగుకు విషప్రాయాలు. తేలికయైన భాగం ఆవిరి కాగా, మిగిలినది గట్టిపడి గాయాన్ని మూసివేస్తుంది.

ఇది ముందే సిద్ధంగా ఉన్న కవచం. దాడి జరిగిన తరువాత వృక్షం మరొక వ్యూహాన్ని పన్నుతుంది. జాజిపూల పరిమళంలోనూ ఉండే మిథైల్ జాస్మొనేట్‌ను నార్వే స్ప్రూస్ మొక్కలపై ప్రయోగించినపుడు, ఏ గాయమూ లేకుండానే కాండంలో కొత్త రెజిన్ నాళాలు ఏర్పడినట్లు బోల్మన్, ఆయన సహచరులు 2002లో వెల్లడించారు. అనగా చెట్టులో ప్రమాదాన్ని సూచించే రసాయన సంకేతం ఒకటి ఉన్నది. దానిని అందుకొని చెట్టు తన ఆయుధశాలను విస్తరించుకొంటున్నది.

అన్ని చెట్లకూ సమానమైన బలం ఉండదు. సిట్కా స్ప్రూస్ చిగురుకొమ్మలను ఒక జాతి ముక్కుపురుగు నాశనం చేస్తుంది. దానిని తట్టుకొన్న చెట్లను పరిశీలించగా, వాటిలో కెరీన్ అనే టర్పీన్ అధికంగా ఉన్నట్లు, ఆ తేడాకు మూలం జన్యువులలో ఉన్నట్లు తేలింది.

అయితే శత్రువు కూడా సామాన్యమైనది కాదు. బియ్యపు గింజంత ఉండే పర్వత పైన్ పెంకుపురుగు, చెట్టులోని పైనీన్ అనే టర్పీన్‌ను తన శరీరంలో మార్చి, తోటి పురుగులను పిలిచే సువాసనగా విడుదల చేస్తుంది. చెట్టు అస్త్రమే చెట్టుకు శత్రువులను ఆహ్వానిస్తుంది! వేల పురుగులు ఒక్కుమ్మడిగా మూగితే రెజిన్ చాలదు. వాటితో వచ్చే శిలీంధ్రం కాండంలో నీటి ప్రసరణను అడ్డగిస్తుంది.

పూర్వం ఈ పోరాటంలో చలి చెట్టు పక్షాన ఉండేది. సుమారు మైనస్ 40 డిగ్రీల చలి కొన్ని రోజులు నిలిస్తే, బెరడు కింది డింభకాలు చాలావరకు నశిస్తాయి. భూతాపం పెరిగి శీతకాలాలు మెత్తబడగా ఆ సహాయం సన్నగిల్లింది. 1990 దశకంలో మొదలైన విజృంభణ బ్రిటిష్ కొలంబియాలో 1 కోటి 80 లక్షల హెక్టార్లకు పైగా అడవిని తాకింది. కలపపై ఆధారపడిన ఊళ్లు జీవనాధారాన్ని కోల్పోయాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించవలసిన అడవి, దానిని విడుదల చేసేదిగా మారిందని 2008లో కెనడా శాస్త్రజ్ఞులు హెచ్చరించారు.

2013లో బోల్మన్ భాగస్వామిగా ఉన్న బృందాలు తెల్ల స్ప్రూస్ జన్యుక్రమాన్నీ, ఈ పెంకుపురుగు జన్యుక్రమాన్నీ వెలువరించాయి. ఆ చెట్టు జన్యుక్రమం మానవుని దానికంటె సుమారు ఏడింతలు పెద్దది. ఇట్టి జ్ఞానం బలమైన మొక్కలను ఎంచి నాటడానికి తోడ్పడుతుంది. కాని ఒకే రకం మొక్కలతో నిండిన అడవి, దానిని జయించే పురుగు వచ్చిననాడు ఒక్కసారిగా కూలుతుంది. కనుక వైవిధ్యమే అడవికి అసలైన కోట. యుగాలుగా తన్ను తాను కాపాడుకొన్న వృక్షం, మనం పెంచిన వేడిమిని మాత్రం రెజిన్‌తో ఆపలేదు. ఆ భారం మనదే.

అర్థాలు
తరువు = చెట్టు
వ్యూహం = యుద్ధపు పన్నాగం
డింభకం = గుడ్డు నుండి వెలువడిన పురుగుపిల్ల

ప్రశ్నలు
1. కోనిఫర్ వృక్షాల రెండు విధాల రక్షణను వివరించండి.
2. ‘చెట్టు అస్త్రమే చెట్టుకు శత్రువులను ఆహ్వానిస్తుంది’ - సమర్థించండి.
3. వైవిధ్యం అడవికి కోట ఎట్లు కాగలదు?