అద్దె వస్తున్నా మిగలడం లేదెందుకు?

ప్రశ్న: బ్యాంకు లోనుతో కూకట్‌పల్లిలో ఫ్లాటు కొని, నెలకు 20,000 రూపాయలకు అద్దెకిచ్చాను. ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఖర్చులు అదుపులో ఉండాలంటే ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందుగా అద్దె కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అద్దె అందులోకే రావాలి, ఆ ఇంటి ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. అద్దెకున్నవారు ఇచ్చిన అడ్వాన్సు మీ ఆదాయం కాదు, తిరిగివ్వాల్సిన సొమ్ము. దాన్ని ముట్టుకోకండి.

ఏడాదికి 12 నెలల అద్దె వస్తుందనుకోకండి, 11 నెలలకే లెక్క వేసుకోండి. ఒకరు ఖాళీచేసి మరొకరు దిగేలోపు అద్దె ఆగుతుంది, రంగులు వేయించాలి, బ్రోకరు కమీషనూ ఉంటుంది. ప్రతి నెలా అద్దెలో పదో వంతు మరమ్మతులకు పక్కన పెట్టండి. నీటి లీకేజీని మొదట్లోనే బాగుచేయిస్తే గోడలు చెమ్మెక్కవు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో అద్దె ఒప్పందంలోనే రాయించండి.

ఇక ఆదాయపు పన్ను. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేశాక, మిగిలినదానిపై 30 శాతం ప్రామాణిక తగ్గింపు దొరుకుతుంది. ఏడాది అద్దె 2,40,000, ఆస్తి పన్ను 10,000 అనుకుంటే తగ్గింపు 69,000 రూపాయలు. దీనికి మరమ్మతుల రసీదులు చూపనక్కర్లేదు. లోను వడ్డీనీ మినహాయించుకోవచ్చు. అందువల్ల లెక్కలో నష్టం తేలితే, పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు.

ఆరు నెలల ఈఎంఐకి సరిపడా నిల్వ సమకూరాకే రెండో ఇంటి ఆలోచన చేయండి.