మేజర్ పద్మపాణి ఆచార్య ఉత్తరం

కార్గిల్ అనగానే మనకు టీవీలో చూసిన మంచుకొండలే గుర్తొస్తాయి. ఆ కొండల్లో మన హైదరాబాద్ బిడ్డ ఒకరు ప్రాణమిచ్చారని మనలో చాలామందికి తెలియదు. ఆయనే మేజర్ పద్మపాణి ఆచార్య. కుటుంబం మూలం ఒడిశా. పుట్టింది 1969 జూన్ 21న హైదరాబాదులో, డిగ్రీ ఉస్మానియాలో.

1999 జూన్ 28 రాత్రి, ద్రాస్‌లో తోలోలింగ్ దగ్గరి శత్రు స్థావరాన్ని పట్టే పని ఆయన కంపెనీకి అప్పగించారు. కింద మందుపాతరలు, పైన మెషిన్‌గన్లు. ముందు వెళ్లిన ప్లాటూన్ దెబ్బతింటే, వెనుక ఉంచిన ప్లాటూన్‌ను తానే నడిపించారు. గాయపడి కదల్లేని స్థితిలో, తనను వదిలి శత్రువు మీదికి పొమ్మని జవాన్లకు చెప్పారు. స్థావరం దక్కింది, ఆయన దక్కలేదు. 30 నిండి వారమే అయింది. అదే పోరులో, అదే 2వ రాజ్‌పుతానా రైఫిల్స్‌కు చెందిన 22 ఏళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా నేలకొరిగారు. ఆచార్యకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

మేము ముఖ్యంగా చెప్పదలచింది ఆయన జూన్ 19న తండ్రికి రాసిన ఉత్తరం గురించి. ప్రాణనష్టం గురించి దిగులు పడవద్దన్నారు. గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమన్నారు, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బాలని. కడుపులోనే పద్మవ్యూహం విన్న అభిమన్యుడు మనకు తెలిసినవాడే. (అభిమన్యుడు పోయేనాటికి ఉత్తర కూడా గర్భవతే. రాసేటప్పుడు ఆయనకది తట్టిందో లేదో!)

మనం ఇంటికి ఫోన్ చేస్తే డబ్బులు, పరీక్షల మాటే. ఆయన తుపాకుల మధ్య కూర్చుని కథల సంగతి రాశారు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే భారతం కనబడ్డప్పుడల్లా మాకు ఈ ఉత్తరమే గుర్తొస్తోంది.

కొన్ని నెలలకు బిడ్డ పుట్టింది, ఆడపిల్ల.