జీవకణమునకు కాంతి మీట

పుట్టిన కొలది దినములకే పసిబిడ్డల ఒడలు పచ్చబడుట కద్దు. అట్టి బిడ్డను ఆసుపత్రిలో నీలికాంతి క్రింద పరుండబెట్టుదురు. రక్తములో పేరుకొనిన బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థము నీటిలో సులభముగా కరగదు. లేత కాలేయము దానిని వెలికి పంపజాలదు. నీలికాంతి సోకినప్పుడు ఆ అణువు ఆకృతి మారి, శరీరము విసర్జింపగల రూపము దాల్చును. 1950 దశకములో ఇంగ్లండున ఆరంభమైన ఈ చికిత్స ఒక మూలసూత్రమును తెలుపుచున్నది: కాంతి అణువు ఆకృతిని మార్చగలదు; ఆకృతి మారిన అణువునకు గుణము కూడ మారును.

ఈ సూత్రము ననుసరించి జీవకణములోని వ్యాపారములను కోరిన క్షణమున, కోరిన చోట నడుపవచ్చునా? శాస్త్రజ్ఞులు ఇందుకు రెండు ముఖ్య మార్గములను కనుగొనిరి.

మొదటిది అణువును బంధించి విడుచుట. జీవకణము తన పనులకు వెచ్చించు శక్తి ఏ.టి.పి. అను అణువు ద్వారా లభించును. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు, దీనిని వేరువేరుగా కనుగొనిరి. 1978లో అమెరికాలో జాక్ కాప్లాన్, ఆయన సహచరులు ఏ.టి.పి.కి మరియొక రసాయన భాగమును తగిలించి, కణమునకు పనికిరాకుండ చేసిరి. అతినీలలోహిత కాంతి ప్రసరింపగానే ఆ సంకెల తెగి, ఏ.టి.పి. విడుదలయ్యెను. ఇట్టి అణువుల వలన, శక్తి అందిన క్షణము నుండి కండరపు పోగు ఎట్లు చలించునో కొలుచుట సాధ్యమయ్యెను. అయితే తెగిన సంకెలను కాంతి మరల తగిలింపలేదు.

రెండవ మార్గము ఈ లోపమును తీర్చినది. అజోబెంజీన్ అను అణువులో రెండు బెంజీన్ వలయములను జంట నత్రజని పరమాణువులు కలుపుచుండును. సహజముగా చాపుకొని యుండు ఈ అణువు అతినీలలోహిత కాంతిలో వంగును; నీలికాంతిలో గాని, చీకటిలో కొంతసేపటికి గాని తిరిగి చక్కబడును. వంగిన రూపమును 1937లో జి.ఎస్. హార్ట్‌లీ గుర్తించెను. దీనిని ఔషధపు అణువులో ఇమిడ్చినచో, ఔషధమునకే మీట అమరును.

ఇందువలన ప్రయోజనమేమి? కణవిభజనకు అవసరమైన సూక్ష్మనాళికలను అడ్డగించు మందులను కాన్సరు చికిత్సలో వాడుదురు. కాని మందునకు మంచి చెడు తెలియదు. రక్తముతో దేహమెల్ల తిరిగి, వెంట్రుకల కుదుళ్లను, ప్రేగుల పొరను సైతము బాధించును. 2015లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఇట్టి మందునకు అజోబెంజీన్ మీటను అమర్చి ఫోటోస్టాటిన్లను రూపొందించిరి. నీలికాంతి పడిన కణములో విభజన ఆగును. పచ్చని కాంతి పడినచో మందు ప్రభావము తగ్గును. ప్రక్కనున్న కణమునకు హాని లేకుండ ఒక్క కణమునే నిలుపగలుగుట ఇందలి విశేషము.

అయితే ఇది ఇంకను ప్రయోగశాల గడప దాటి వైద్యుని చేతికి రాలేదు. నీలికాంతి చర్మము క్రింద కొలది మిల్లీమీటర్ల లోతునకే క్షీణించును. అతినీలలోహిత కాంతి డి.ఎన్.ఎ.నే చెరచును. ఎర్రని కాంతి కొంత లోతుగా పోగలదు గనుక, దానికి స్పందించు మీటలను నిర్మించుటయే నేటి పరిశోధకుల ముఖ్య యత్నము. లోపలి అవయవములకు సన్నని గాజుపోగుల ద్వారా కాంతిని చేర్చు యోచనయు కలదు.

కోరిన తరంగదైర్ఘ్యమును ఎన్నుట భౌతికశాస్త్రము. మీటను నిర్మించుట రసాయనశాస్త్రము. దానిని ఎచట అమర్చవలెనో తెలుపునది జీవశాస్త్రము. పరీక్షల కొరకు ఈ మూడింటిని వేరువేరు పుస్తకములలో చదువు విద్యార్థి, జీవకణములో అవి మూడును ఒక్కటే పాఠమని గ్రహింపవలెను. మందునకు చోటును, వేళను నిర్దేశింపగలిగిననాడు రోగికి చికిత్సయే మరియొక బాధగా పరిణమింపదు.