క్యారెక్టర్ యాప్ కావాలంటున్నారా? ముందు ఒక కాగితం, పెన్సిల్ ఇవ్వండి



హైస్కూలు పిల్లలున్న కొన్ని ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త కోరిక వినిపిస్తోంది. "నాన్నా, డీ అండ్ డీ బియాండ్‌కు సబ్‌స్క్రిప్షన్ తీసుకుందామా? క్యారెక్టర్ చేసుకోవాలి." అడుగుతున్నది ఏమిటో అర్థం కాక కొందరు వెంటనే వద్దంటారు. ఇంకొందరు ఓటీపీ చెప్పేసి తమ పనిలో పడతారు. రెండింటికీ ముందు ఒక అరగంట మీ పిల్లల పక్కన కూర్చోమని అడగడానికే ఈ వ్యాసం.

ముందు ఆట సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఈ ఆటను అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించారు. 1974లో తొలిసారి అచ్చయింది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వారిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అది జరుగుతుందా లేదా అన్న అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాచికలనగానే మనకు ధర్మరాజు గుర్తుకొస్తాడు గానీ, ఇక్కడ పందెం లేదు, డబ్బు లేదు. అందరూ ఒకే పక్షం కాబట్టి ఒకరిని ఓడించి ఇంకొకరు గెలవడం కూడా సాధారణంగా ఉండదు.

ఆటగాడి చేతిలో ఉండే కాగితమే క్యారెక్టర్ షీట్. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు ఆరు అంకెలు, వాటి నుంచి పుట్టే మరికొన్ని అంకెలు, ఆయుధాలు, నైపుణ్యాలు, పాత్ర గతం అన్నీ అందులో ఉంటాయి. ఆన్‌లైన్ టూల్స్ ఈ షీట్‌ను ప్రశ్నలు అడుగుతూ నింపి పెడతాయి. మంచి సౌకర్యమే. కానీ మొదటి పాత్రను మాత్రం చేత్తో తయారు చేయించండి. ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకునే చదవండి.

ఆరు గుణాలకు పంచుకోమని ఆట ఇచ్చే ప్రామాణిక అంకెలు 15, 14, 13, 12, 10, 8. మనం ఒక యోధుణ్ణి తయారు చేస్తున్నామనుకోండి. బలానికి 15, దారుఢ్యానికి 14, చురుకుదనానికి 13 వేద్దాం. మిగిలినవి మీ ఇష్టం. ప్రతి అంకె నుంచి ఒక బోనస్ వస్తుంది: అంకెలో 10 తీసేసి, రెండుతో భాగించి, దశాంశం వస్తే కిందికి తగ్గించాలి. 15కు రెండున్నర వస్తుంది, అది +2. 8కి −1. అదే 9 అయితే? మైనస్ అర, అంటే సున్నా అని చాలామంది పిల్లలు రాస్తారు. కిందికి తగ్గించాలి కాబట్టి అదీ −1. రుణ సంఖ్యల పాఠం ఇంత చల్లగా ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు అసలు ముచ్చట. 2024 నియమాల ప్రకారం మన యోధుడు పూర్వం సైనికుడైతే బలం, చురుకుదనం, దారుఢ్యం అనే మూడింటిలో ఒకదానికి 2, ఇంకొకదానికి 1 కలుపుకోవచ్చు. లేదా మూడింటికీ తలా 1. మొదటి దారిలో బలం 17, దారుఢ్యం 15 అవుతాయి, చురుకుదనం 13గానే ఉంటుంది. బోనస్‌లు +3, +2, +1. రెండో దారిలో 16, 15, 14. బోనస్‌లు +3, +2, +2. కలిపింది రెండు దారుల్లోనూ మూడు పాయింట్లే, కానీ రెండో దారిలో ఒక బోనస్ ఎక్కువ వచ్చింది. యోధుడికి బలమే ముఖ్యమని 17 చేసుకున్నవారికి ఆ అదనపు పాయింటు ప్రస్తుతానికి ఏమీ ఇవ్వదు.

ఆగండి, కథ అక్కడితో అయిపోలేదు. నాలుగో లెవల్‌కు చేరితే మరో రెండు పాయింట్లు తీసుకునే అవకాశం ఉంటుంది. మొదటి దారి పట్టినవారు వాటిని 17కు ఒకటి, 15కు ఒకటి వేస్తే +4, +3, +1 అవుతాయి. రెండో దారివారు రెండూ బలానికే వేస్తే +4, +2, +2. మొత్తం సమానం. ఇప్పటి లాభమా, తర్వాతి లాభమా అన్నది మీ అమ్మాయి తేల్చుకోవాల్సిన విషయం. మామూలుగా టూల్ ఈ ప్రశ్న అడగదు. ఒక పెట్టె చూపించి ఎంచుకోమంటుంది, అంతే.

మిగతా లెక్క తేలిక. మొదటి లెవల్ యోధుడి ప్రాణశక్తి 10కి దారుఢ్యం బోనస్ కలిపితే 12. కత్తి వేటుకు బలం బోనస్ 3, శిక్షణ బోనస్ 2, మొత్తం +5. శత్రువు రక్షణ అంకె 15 అయితే పాచికలో 10 లేదా అంతకంటే ఎక్కువ పడాలి. ఇరవై ముఖాల్లో పదకొండు అనుకూలం, అంటే 55 శాతం. పదో తరగతి సంభావ్యత అధ్యాయమే ఇది, కాకపోతే ఎదురుగా రాక్షసుడున్నాడు.

ఇంత చేశాక టూల్ ఎంపిక సులువవుతుంది, ఎందుకంటే పరీక్షించడానికి మీ చేతిలో జవాబు ఉంది. అదే యోధుణ్ణి టూల్‌లో తయారు చేయించండి. అంకెలు మీ కాగితంతో సరిపోయాయా? ఆ +5 మీద నొక్కితే అది ఎక్కడినుంచి వచ్చిందో చూపిస్తుందా? చూపేదాన్ని ఉంచుకోండి. జవాబు మాత్రమే ఇచ్చి, లెక్క దాచే టూల్ ఎంత అందంగా ఉన్నా నేర్చుకునే వయసులో వద్దనే నా అభిప్రాయం. మనం ఏడో తరగతి పిల్లలకు కాలిక్యులేటర్ ఎందుకు ఇవ్వమో, ఇదీ అందుకే.

అంకెలు సరిపోకపోతే టూల్ తప్పనుకోకండి. చాలావరకు కారణం ఎడిషన్ తేడా. ఈ ఆట ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, దాన్ని 2024లో సవరించారు. 2014 పుస్తకంలో గుణాలకు కలిపే పాయింట్లు పాత్ర జాతిని బట్టి వస్తాయి, 2024లో పాత్ర పూర్వ నేపథ్యాన్ని బట్టి. మీ అబ్బాయి స్నేహితుల బృందం ఏ పుస్తకంతో ఆడుతోందో అడిగి తెలుసుకోకుండా టూల్ తెరవడం, సిలబస్ చూడకుండా గైడు కొనడం లాంటిది.

డబ్బు విషయానికి వద్దాం. డీ అండ్ డీ బియాండ్ 2017లో మొదలైంది. ఆట హక్కులున్న హాస్‌బ్రో సంస్థ 2022లో దాన్ని కొనుక్కుంది. ఉచిత ఖాతాలో ఆరు పాత్రలు దాచుకోవచ్చు. ప్రాథమిక నియమాలు ఉచితం, పన్నెండు రకాల వృత్తులూ వాటిలో ఉన్నాయి. తగ్గేది శాఖలు: 2024 ఆటగాళ్ల పుస్తకంలో ఒక్కో వృత్తికి నాలుగు శాఖలుంటే, ఉచిత నియమాల్లో ఒక్కొక్కటే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదటి ఏడాది ఇది చాలు. సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటే పుస్తకాలు కూడా వచ్చేస్తాయని పిల్లలు అనుకుంటారు. అవి వేరు, ఇవి వేరు. అచ్చు పుస్తకం విడిగా కొన్నా డిజిటల్ ప్రతి దానంతటదే రాదు, రెండూ కలిపి అమ్మే ప్యాక్ అయితే తప్ప. ఇంకో సంగతి: మాస్టర్ టియర్ అనే పెద్ద సబ్‌స్క్రిప్షన్ ఉన్నవారు, తమ డిజిటల్ పుస్తకాలను తమ ఆట బృందంలోని వారితో పంచుకోవచ్చు. అయిదుగురు స్నేహితుల ఇళ్లలో అయిదు చందాలు కట్టాల్సిన పని లేదు. ఆ ఇళ్ల పెద్దలు ఒకసారి మాట్లాడుకుంటే చాలు.

కొన్నది మనదేనా అన్నది మరో ప్రశ్న. 2024 ఆగస్టులో ఈ సైట్ ఒక ప్రకటన చేసింది: పాత్రల షీట్లలో ఉన్న పాత మంత్రాలు, మాయా వస్తువుల స్థానంలో కొత్త ఎడిషన్‌వి వస్తాయని. పాతవాటికి డబ్బు కట్టిన ఆటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, కొద్ది రోజుల్లోనే సంస్థ వెనక్కి తగ్గింది. పుస్తకంలో కావలసిన ముక్కను మాత్రమే విడిగా కొనుక్కునే సదుపాయం కూడా అదే ఏడాది పోయింది. అలమరాలోని పుస్తకం రాత్రికి రాత్రి మారదు. సర్వర్‌లో ఉన్నది మారవచ్చు. అందుకే షీట్‌ను పీడీఎఫ్‌గా దించుకునే వీలుందా అని ముందే చూడండి. లేకపోతే ఆ టూల్ ఉచితమైనా నేను సిఫారసు చేయను.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఖాతా తెరిచే పేజీ. అమెరికన్ సైట్లు చాలావరకు 13 ఏళ్లు నిండాయా అని అడుగుతాయి. అక్కడ 1998లో చేసిన ఒక చట్టం, అంతకంటే చిన్నపిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. దాంతో పన్నెండేళ్ల పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి కొట్టేస్తారు. ఇంటర్నెట్‌లో పిల్లలు చెప్పే మొదటి అబద్ధం చాలాసార్లు ఇదే. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి డేటా వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కాబట్టి ఖాతా మీ ఈమెయిల్‌తో, మీరే తెరవండి. పాత్రకు పెట్టిన పేరు బయట కనిపించినా ఫర్వాలేదు. పిల్లల అసలు పేరు, స్కూలు పేరు, ఫొటో మాత్రం ప్రొఫైల్‌లో ఉండకూడదు. కార్డు వివరాలు సేవ్ చేయవద్దు. చందా డాలర్లలో ఉంటే బ్యాంకు మారకపు రుసుము అదనంగా పడవచ్చు, ఆటో రెన్యువల్ ఆపడం మర్చిపోతే నెలనెలా పడుతూనే ఉండవచ్చు.

పాత్ర తయారు చేసే టూల్ వేరు, ఆట ఆడే వేదిక వేరు అని కూడా గుర్తించండి. రోల్20 లాంటి సైట్‌లో షీట్ నింపుకోవచ్చు, దాంతోపాటు అపరిచితుల బృందాల్లో చేరే సదుపాయమూ ఉంది. షీట్ కోసం తెరిచిన సైట్‌లో పదమూడేళ్ల పిల్ల ఎవరితో మాట్లాడుతోందో మీకు తెలియాలి. తెలిసిన స్నేహితులతో, ఎవరో ఒకరి ఇంట్లో, బల్ల చుట్టూ కూర్చుని ఆడటమే ఈ వయసుకు మంచిది.

మీ పిల్లల బృందం పాత్‌ఫైండర్ అనే సోదర ఆట ఆడుతుంటే మీ ఖర్చు ఇంకా తక్కువ. దాని నియమాలు ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో ఉచితంగా, ప్రచురణకర్తల అనుమతితోనే ఉన్నాయి. దాని రెండో ఎడిషన్ పాత్రలకు పాత్‌బిల్డర్ అనే టూల్ ఉంది, ప్రధాన సౌకర్యాలకు డబ్బు కట్టనక్కర్లేదు. ఆట కొంచెం బరువైనది. లెక్కలంటే ఇష్టపడే పిల్లలకు బాగా నచ్చుతుంది.

ఇక పాత్ర గతాన్ని చాట్‌బాట్‌తో రాయించుకునే అలవాటు. అంకెలు టూల్ నింపినా నష్టం కొంతే. మీ అబ్బాయి యోధుడు సైన్యం ఎందుకు వదిలేశాడు, ఎవరికి భయపడతాడు, ఇంటికి ఉత్తరం ఎందుకు రాయడు అన్నవి మాత్రం వాడే ఆలోచించాలి. తెలుగులో రాస్తే మరీ సంతోషం. ఆ పాత్ర పేరు సోమన్న అయినా, ఊరు గోదావరి ఒడ్డున ఉన్నా ఆట నియమాలు అడ్డు చెప్పవు.

ఉచిత ఖాతాలోని ఆరు స్థానాలు త్వరగానే నిండుతాయి. పిల్లలు వారానికో కొత్త పాత్ర మొదలుపెడతారు కదా. ఏదైనా తొలగించే ముందు దాని పీడీఎఫ్ దించి, ప్రింట్ తీసి, చేత్తో రాసిన మొదటి షీట్‌తో కలిపి ఒక ఫైల్‌లో పెట్టించండి. ఆట మధ్యలో కరెంటు పోయినా, వైఫై ఆగినా ఆ కాగితాలతో ఆట కొనసాగుతుంది.