ముందు తేదీ అడగండి

ప్రశ్న: రోజూ కల్లు తాగే ఒకాయన మూడు రోజులుగా నిద్రపోకుండా గోడ మీద పురుగులున్నాయని ఏరుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట. ఇంటివాళ్లు బాణామతి అంటున్నారు. నాతో చదివేవాళ్లు స్కిజోఫ్రీనియా అంటున్నారు. ఏది నిజం?
- నర్సింగ్ విద్యార్థిని, కుండల్‌వాడి

జవాబు: అమ్మా, ఇలాంటి మనిషి కనబడితే ఉత్తరం రాయకూడదు, ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీరు రాసిన లక్షణాలన్నీ డెలీరియం వైపే చూపిస్తున్నాయి. అంటే, ఒంట్లో ఏదో గతి తప్పి దాని దెబ్బ మెదడు మీద పడింది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

మీ పక్క జిల్లా నిజామాబాద్‌లోనే 2015లో ఏం జరిగిందో పెద్దవాళ్లను అడగండి. కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్‌లకు ఏళ్ల తరబడి అలవాటుపడ్డ జనానికి, కల్తీ మీద దాడులతో అది ఒక్కసారిగా దొరకకుండా పోయింది. వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలతో ఆస్పత్రులకు వరస కట్టారు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా వెళ్లినవాళ్లున్నారు. కల్లు తాగినందుకు కాదు, ఆగిపోయినందుకు వచ్చిన జబ్బది. సారా, బ్రాందీ మానేసినవాళ్లలోనైతే ఇది ఎక్కువగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య ముదురుతుంది. అందుకే ఇంటివాళ్లను మొట్టమొదట అడగవలసినవి రెండు: ఇది ఏ రోజు మొదలైంది? ఆఖరిసారి ఎప్పుడు తాగాడు?

స్కిజోఫ్రీనియా ఇలా రాత్రికి రాత్రి ఊడిపడదు. చాలామందిలో నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. చెవిలో మాటలు వినబడతాయి, ఎవరో కుట్ర చేస్తున్నారన్న నమ్మకం పాతుకుపోతుంది. అయినా తానెక్కడున్నాడో, ఇవాళ ఏ వారమో మామూలుగా చెప్పగలడు. డెలీరియంలో అదే పోతుంది. శనివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి, బుధవారం దగ్గరే దారి తప్పుతాడు. పొద్దున కాస్త తేరుకున్నట్టుంటాడు, చీకటి పడితే మళ్లీ మొదలు. నాడి, జ్వరం, బీపీ, షుగర్ చూడకుండా ఎవరికీ మానసిక రోగం పేరు పెట్టకండి. తాగుడు అలవాటున్న మనిషికి గ్లూకోజ్ ఎక్కిస్తుంటే థయమిన్ ఇచ్చారా అని డాక్టరుగారిని అడగండి. నర్సు అడగదగ్గ మాటే అది, మొహమాటపడకండి.

బాణామతి సంగతికొస్తే, ఇంటివాళ్లతో వాదానికి దిగకండి. దేవుడికి మొక్కుకుంటామంటే మొక్కుకోనివ్వండి, కాని ముందు ఆస్పత్రి. దయ్యం పట్టిందని మనిషిని కట్టేసి కొట్టడం మహారాష్ట్రలో 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ మాట మాత్రం గట్టిగా చెప్పండి.

ప్రశ్న: పెళ్లి చేస్తే మానసిక జబ్బు నయమవుతుందా?

జవాబు: కాదు. జబ్బు దాచి చేస్తే రెండు కుటుంబాలు నలిగిపోతాయి.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పుస్తకాలేమో ఇంగ్లీషు. పోస్టింగ్‌లో రోగి మాటలు డాక్టరుకు ఎలా చెప్పాలి?

జవాబు: ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. మన ఊళ్లలో "మనసు బాగాలేదు" అనేవాళ్లు తక్కువ. తల బరువు, గుండె దడ, కాళ్లు గుంజుడు, అన్నం పోతలేదు అంటారు. విన్న వెంటనే డిప్రెషన్ అని రాసేస్తే మీ ఊహే డాక్టరుకు చేరుతుంది, రోగి మాట చేరదు. ముందు రోగి మాటలు రాసుకోండి, ఎన్నాళ్ల నుంచో రాయండి, తర్వాత మరాఠీలో చెప్పండి. సరిహద్దు ఊళ్లో పుట్టి రెండు భాషలూ వచ్చిన మీలాంటివాళ్లు వార్డుకు ఎంత అవసరమో మీకింకా తెలియదు.

ప్రశ్న: చనిపోవాలని ఉందా అని రోగిని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

జవాబు: కాదు. చాలామందికి అడిగినందుకు గుండె బరువు దిగుతుంది. నెమ్మదిగా, సూటిగా అడగండి. ఉందంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీయించండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. పోలీసు కేసవుతుందని ఇంటివాళ్లు దాస్తారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది, ఆ భయం పోగొట్టండి. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రోజంతా పలుకుతుంది, డబ్బులేమీ కట్టనక్కర్లేదు.